కాశమ్మ వద్దన్న మెట్టు

“ఎత్తు తగ్గించీమంతంది బావా, మా అమ్మ,” అన్నాడు ఉదయ్‌కుమార్, నేలచూపులు చూస్తూ.

జీపు కింద పడుకుని ఉన్న అప్పలసూరి పాకుతూ బయటికొచ్చాడు. చేతిలోని పానా నేలకేసి కొట్టాలనిపించింది. ఒళ్లు హూనం చేసుకుని ఆ పాత జీపుని జానెడు పైకి లేపి, ఏనుగు కాళ్లలాంటి టైర్లు వేశాడు. గాజువాక రోడ్డున పోయేవాళ్లు షెడ్డు ముందు ఆగి మరీ ఫొటోలు తీసుకుంటున్నారు.

“కొండలెక్కే బండి బావా ఇది! ఎత్తు తగ్గిత్తే ఇంకేటుంటాది? ఆవిడికి ఎక్కడం కష్టమైతే సెప్పు, పక్కన మెట్టు బిగించీసి ఇత్తాను.”

“అడిగేను. మెట్టు కూడా వద్దంతంది.”

“ఎత్తు వద్దంటాది, మెట్టూ వద్దంటాది! ఏటి సెయ్యమంటావు మరి నన్ను?”

ఉదయ్‌కుమార్ బుర్ర గోక్కున్నాడు. ఉక్కునగరం క్వార్టర్లలో ఉంటూ స్టీల్ ప్లాంటులో పనిచేసే ఈ మనిషి, అక్కడెలా ఉంటాడోగాని, ఇంట్లో మాత్రం వాళ్లమ్మ గీసిన గీత దాటడు. మొన్న వాళ్లమ్మకి బండి చూపిస్తానంటే అప్పలసూరే తీసుకెళ్లి క్వార్టరు దగ్గర ఒకరోజు ఉంచి, మర్నాడు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ మొదలయ్యాయి ఈ సవరణలు.

మామూలు బేరమైతే పొమ్మనేవాడే. కానీ ఏటా తగరపువలస దగ్గర ఏటి ఇసకలోనూ, ఆ పక్క కొండ మీదా జీపుల పోటీ జరుగుతుంది. పోయినసారి అప్పలసూరి షెడ్డులో తయారైన బండ్లన్నీ ఇసకలోనే కూరుకుపోయాయి. దాంతో గిరాకీ అంతా మధురవాడలో వీరేంద్ర కొత్తగా తెరిచిన ఏసీ గ్యారేజీకి తరలిపోయింది. ఈసారి అప్పలసూరి పేరు మీద పోటీకి దిగేది ఈ ఒక్క జీపే. ఇదీ ఆగిపోతే షట్టరు దించేసి, వీరేంద్ర దగ్గర పనికి చేరడమే.

ఎత్తు తగ్గించాడు. మర్నాడే మళ్లీ ఫోను.

“ముందు సీటు మరీ ఎనక్కుందట బావా. కాళ్లు ఆనట్లేదంట.”

ఒకటి జరిపి ఒకటి వదిలేస్తే చూడ్డానికి బాగుండదని రెండు సీట్లూ ముందుకు జరిపాడు. ఆ తర్వాత బానెట్ మీద వరసగా బిగించిన లైట్లు కళ్లకి అడ్డమంది, తీసేశాడు. పాటల పెట్టె రొద పడదంది, అదీ పీకేశాడు.

“అడుగుతన్నానని ఏటనుకోకు బావా. ఈ జీపు నీదా, మీ అమ్మదా?”

“మా అమ్మదే,” అన్నాడు ఉదయ్‌కుమార్ నిదానంగా. “సి బుక్కు కూడా ఆవిడ పేర్నే ఉన్నాది.”

ఇక ఆవిడతోనే తేల్చుకుందామని రమ్మన్నాడు. కాశమ్మ వచ్చింది. నేత చీర, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, చేతిలో కొడుకు క్యారేజీ. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని చూసింది.

“ఈ సక్రాలు మరీ పెద్దవి బాబూ. మార్సీ.”

“ఇసకలో దిగబడకుండా ఉండాలంటే ఇవే ఉండాలమ్మా.”

“మాకూ జీపుండీది. కొండూళ్లకి సర్వీసు తిప్పీవోలం. మా ఆయన పోయినాక కూడా మానీనేదు. ఇంతేసి సక్రాలెప్పుడూ ఎయ్యనేదు.”

డ్రైవర్ని పెట్టుకుని బండి తిప్పించినవాళ్లు కూడా మెకానిక్కులకి పాఠాలు చెప్పేవాళ్లే! అప్పలసూరికి తల ప్రాణం తోకకొచ్చింది. నోరు జారితే బండి తిన్నగా వీరేంద్ర గ్యారేజీకి పోతుంది. పళ్లు నూరుకుంటూ టైర్లు మార్చాడు. తీరా చూస్తే, పెళ్లికూతుర్ని చేస్తామని తీసుకెళ్లి గుండు కొట్టించినట్టు తయారైంది జీపు.

కనీసం తోలడమైనా దారిన పెడదామని ఉదయ్‌కుమార్‌ని కూర్చోబెట్టాడు.

“దిగుడులో బ్రేకు జోలికి పోకు. సిన్న గేరులో ఒదిలీ. ఇసకలో ఆక్సిలేటరు మీంచి కాలు తియ్యకు. ఇంతన్నావా నా మాట?”

“ఊ,” అన్నాడు ఉదయ్‌కుమార్, మిరపకాయ బజ్జీ కొరుకుతూ. ఒక్క ముక్కైనా చెవికెక్కితే ఒట్టు.

“నీ ద్యాస ఎక్కడున్నాది బావా? నా షెడ్డు ఉంటాదో పోతాదో దీంతోనే తేలిపోతాది!”

“ఎందుకలగ కంగారుపడతావు? నువ్వూ ఓ బజ్జీ తిను.”

పోటీ రోజు పొద్దున్నే అప్పలసూరి తనే జీపుని తగరపువలస తీసుకొచ్చాడు. తల్లీకొడుకులు బైకు మీద దిగారు. మెరిసిపోతున్న తన బండ్ల పక్కన నిలబడి వీరేంద్ర పెద్దగా నవ్వాడు.

“ఏటి సూరి బావా, సంతకి కూరగాయలు తెచ్చీవా?”

అప్పలసూరికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వంగి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. పెద్దావిడ కదా అని కొబ్బరికాయ కాశమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దణ్ణం పెట్టుకుని ఒక్క దెబ్బకి కొట్టింది. ఇంతలో మైకులో జీపు నంబరు పిలిచారు.

“అమ్మా, మీరా టెంటు కింద నీడన కూకోండి,” అని చెప్పి, తాళం ఉదయ్‌కుమార్ చేతిలో పెట్టాడు. “నా పరువు కాపాడు బావా. ఇంకేటీ అడగను.”

ఉదయ్‌కుమార్ సరేనని తలూపి, ఎడంపక్క నుంచి ఎక్కాడు. తాళం దాని చోట పెట్టి, బెల్టు బిగించుకుని, ఎదురుగా ఉన్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“అటెక్కీవేటి బావా? బండెవులు తోల్తారు?” అని అరిచాడు అప్పలసూరి.

కాశమ్మ కొంగు బొడ్లో దోపుకుని, మెట్టు లేకుండానే ఒక్క ఊపున ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చుంది.