ఇప్పుడు రా

"ఇప్పుడు కాదు. ఇంకా కాదు. ఇప్పుడు రా."

పళ్ళెం ముందు కూర్చున్న కొడుకు ఉన్నట్టుండి అన్నాడు.

వడ్డిస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు వాడిది కాదు. ఎవరో మగమనిషిది, బరువుగా, మెల్లగా ఉంది.

వాడికి పదిహేనేళ్ళు. నూనూగు మీసాలొచ్చాయి గానీ సొంతంగా ఒక్క ముక్క మాట్లాడడు. విన్నది మాత్రం ఎవరి గొంతుతో వింటే ఆ గొంతుతోనే అప్పజెప్పేస్తాడు. పక్కింటి పెద్దాయన దగ్గునైనా వదిలిపెట్టడు.

"ఎవర్రా అలా అన్నది?"

"ఎవర్రా అలా అన్నది," అన్నాడు కొడుకు, అచ్చం అమ్మ గొంతుతో.

ఆవిడ తను వడ్డించుకోకుండానే గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

ఆవిడ దర్జీ. బడి వ్యాను కొడుకుని కూడలికి అవతల దింపితే, వాడు రోడ్డు దాటి ఇవతలున్న ఆవిడ కొట్టుకి వస్తాడు. సెలవులన్నీ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి నేర్పింది. వాడు ఒంటరిగా వచ్చిన మొదటి రోజున కుట్టుమిషను మీద తల ఆన్చి ఏడ్చేసింది. తను పోయాక వీడికి దిక్కెవరన్న దిగులు ఆ రోజు కాస్త తగ్గింది.

అయినా తల్లి భయం తల్లిది. మెడకి లేబుల్ గుచ్చుకుంటే వాడు నడివీధిలోనే చొక్కా విప్పి పారేస్తాడు. అందుకని ప్రతి చొక్కాకీ లేబుల్ పీకేసి, కాలర్ లోపల మెత్తటి దారంతో తనే కుట్టేది: 'మాట్లాడలేడు. కోప్పడకండి. ఈ నంబరుకి ఫోన్ చేయండి.'

మర్నాడు వ్యాను వచ్చే వేళకి కొట్టు మూసి, కూడలి పక్కన మందుల షాపులో నిలబడింది.

కొడుకు దిగాడు. గోడకి ఆనుకుని ఉన్న ఒక మనిషి వాణ్ణి చూసి ముందుకొచ్చాడు. నలభై పైబడి ఉంటాయి. అంత ఎండలోనూ మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు. నేలచూపులు. కొడుకు పక్కన నిలబడి, తల తిప్పకుండానే పెదాలు కదిపాడు.

ఎవరైనా దగ్గరకొస్తే గోల చేసే కొడుకు, కిక్కురుమనకుండా ఆ మనిషి పక్కనే నడిచాడు. రోడ్డు దాటాక ఆ మనిషి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"అతను రోజూ ఉంటాడా?"

"ఉంటాడమ్మా," అన్నాడు షాపతను. "ఎవరితోనూ మాట్లాడడు. చూస్తేనే అదోలా ఉంటుంది."

ఆవిడకు అర్థమైపోయింది. పిల్లాణ్ణి మచ్చిక చేసుకుంటున్నాడు. ఇప్పుడు కాదు, ఇంకా కాదు అంటున్నాడు. ఇప్పుడు రా అనే రోజు ఎంతో దూరంలో లేదనిపించింది.

తమ్ముడి మెకానిక్ షెడ్డుకి వెళ్ళి చెప్పింది.

"నాతో చెప్పావుగా, ఇక నిశ్చింతగా ఉండక్కా."

"కొట్టకురా. కనుక్కో చాలు."

"కనుక్కుంటాలే," అన్నాడు తమ్ముడు, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

మర్నాడు కొడుకుని బడి దగ్గర్నుంచే తెచ్చి కొట్లో కూర్చోబెట్టి, కూడలికి వెళ్ళింది. అప్పటికే తమ్ముడూ షెడ్డు పనివాళ్ళూ ఆ మనిషిని చుట్టుముట్టారు.

"ఎవడివిరా నువ్వు? ఆ పిల్లాడితో నీకేం పని?"

"నీకేం పని," అన్నాడా మనిషి, నేల చూస్తూ.

"వెటకారమా?"

"వెటకారమా."

తమ్ముడు చెయ్యి చేసుకున్నాడు. ఆ మనిషి చెవులు రెండూ మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగసాగాడు.

"తాగున్నాడు," అన్నారెవరో.

"తప్పు చేశాడు కాబట్టే మొహం చూడలేకపోతున్నాడు," అంది ఆవిడ.

తమ్ముడు కాలర్ పట్టి గుంజాడు. పాత చొక్కా, కాలర్ ఊడి చేతిలోకొచ్చింది. ఆ మనిషి బండ్ల మధ్యలోకి పరుగు తీశాడు. బ్రేకులు కీచుమన్నాయి. ఎదుటి సందులోకి కుంటుకుంటూ పోవడం అందరూ చూశారు. తర్వాత అతను ఎవరికీ కనబడలేదు.

"పీడ వదిలింది," అంటూ తమ్ముడు ఆ కాలర్‌ని అక్క కొట్లో పాతగుడ్డల బుట్టలో పడేశాడు.

ఆ పై రోజు వ్యాను వచ్చి వెళ్ళిపోయింది. కొడుకు రాలేదు. ఆవిడ చేతిలో కత్తెరతోనే పరిగెత్తింది.

కొడుకు రోడ్డు అవతలి అంచునే ఉన్నాడు. ఒక లారీ వాడి చొక్కా ఎగిరేంత దగ్గరగా దూసుకుపోయింది.

"ఇప్పుడు కాదు," అన్నాడు.

ఎర్ర దీపం పడింది. బండ్లు నెమ్మదించాయి.

"ఇంకా కాదు."

బండ్లన్నీ ఆగాయి. జనం దాటారు. కొడుకు కదల్లేదు. పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చెవి ఒగ్గి, మూడో మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

వాడికి రోడ్డు దాటడం ఏనాడూ రాలేదు. మొదటి రోజు నుంచీ దాటించింది ఆ మనిషే.

కొడుకు చెయ్యి పట్టుకుని కొట్టుకి తెచ్చి, పాతగుడ్డల బుట్ట బోర్లించింది. కాలర్ దొరికింది. తిరగేసింది.

లేబుల్ లేదు. దాని చోట, ఉతికి ఉతికి వెలిసిపోయిన పొందికైన కుట్టు: 'మావాడు మంచివాడు. అరవకండి, భయపడతాడు.' కింద ఒక అమ్మ నంబరు. అందులో ఊడిపోయిన అంకెల్ని మాత్రం కుట్టడం చేతకాని చెయ్యి ఒకటి, రంగు కలవని దారంతో, తనకు తానే మళ్ళీ కుట్టుకుంది.