వదినగారూ

"వదినగారూ, ఎండురొయ్యలండీ."

గుమ్మంలో ఆ పిలుపు వినగానే కాంతానికి ఒళ్లు మండింది.

"ఎవరే నీకు వదిన? అమ్మగారూ అనడానికి నోరు రాదా?"

"అలవాటైపోయిందండి," అంటూ రామలక్ష్మి గంప దించింది.

కొల్లేటి లంక నుంచి ఆదివారం ఆదివారం తాడేపల్లిగూడెం వచ్చేది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే బేరమాడేది కాంతం. తినేటప్పుడు మాత్రం ఆ కంపు గుర్తుండేది కాదు. ఏం మనుషులో.

పెరట్లో తడిక. తడిక అవతల తోడికోడలు రత్నమాణిక్యం. 1928లో వాటాలు వేసుకున్నప్పుడు రుబ్బురోలు దగ్గర మాట పెరిగి, ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. మావగారి తద్దినం కూడా రెండు పొయ్యిల మీదే. చూస్తే రోత పుట్టే పంతం.

ఇప్పుడు రత్నమాణిక్యానికి నెలలు నిండాయి. తల్లి లేదు, అత్తగారు లేరు, ఆడపడుచు లేదు. కాన్పుకి పక్కన ఆడదిక్కే లేదు.

"చిన్నవదినగారు ఏడుస్తున్నారండి, అక్క ఉంటే భయముండదని," అంది రామలక్ష్మి కాంతంతో.

తడిక అవతలికి వెళ్లి, "పెద్దవదినగారు మీకోసం బాలింత కాయం మందు దంచుతున్నారండి," అంది.

కాంతం తడిక దాటింది. మగబిడ్డ పుట్టాడు.

ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేశారు. తోడికోడళ్లిద్దరూ మాటల్లో పడ్డారు.

"నేనెప్పుడు ఏడ్చానక్కా? నువ్వే కాయం దంచుతున్నావని రామలక్ష్మి చెప్పింది."

"నువ్వు ఏడ్చావన్నాకే కదా నేను కాయం సంగతి తలిచింది."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. కలిసినందుకు సంతోషించొచ్చు కదా? లేదు. ఒక చేపల మనిషి అబద్ధంతో కలిశామన్నదే వాళ్లకి అసహ్యమైపోయింది.

అప్పుడే వచ్చింది రామలక్ష్మి. గంప లేదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అయినా కాంతం చెయ్యి ముక్కు మీదికే పోయింది.

"వదినగారూ, బిడ్డని ఒక్కసారి ఉయ్యాల్లో వేస్తానండి."

"అది మేనత్త చెయ్యాల్సిన పని," అంది కాంతం. "ఎండుచేపల చేతుల్తో ముట్టుకుంటావా? ఛీ, అబద్ధాలకోరు. ఇంకోసారి ఈ గడప తొక్కావంటే బాగుండదు."

రామలక్ష్మి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"అలాగేనండి, అమ్మగారూ."

ఆమె నిలబడ్డ చోట పసుపునీళ్లు చల్లారు. అదీ ఇద్దరూ కలిసే.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, లంక నుంచి తాతారావు అనే ముసలాయన వచ్చి వీధిలోనే నిలబడ్డాడు.

"రామలక్ష్మి పొద్దున్నే పోయిందండి. చలిజ్వరం."

"పాపం," అంది కాంతం. "ఆ కబురు మాకెందుకు?"

ముసలాయన తల దించుకున్నాడు.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుందండి. కానీ శవం లేవాలి కదండీ."

"లేపండి. ఎవరొద్దన్నారు?"

"మా చెల్లెలికీ మీ మావగారికీ పుట్టిన పిల్లండి, పుట్టింటి బట్ట మీరు కప్పితేగానీ లేపకూడదండి."