పెళ్లిచూపుల్లో తాత

జబీనా కళ్లు తెరిచేసరికి తండ్రి దాదా ఖలందర్ స్టేజీ మీద ఉన్నాడు.

హాలు హాలంతా గొల్లున నవ్వుతోంది. పక్క కుర్చీలో ఆయన తువ్వాలు మాత్రం ఉంది. జబీనాకు నిద్రమత్తు ఒక్క దెబ్బతో వదిలిపోయింది.

ఆ కునుకు పట్టడం ఆమె తప్పు కాదు లెండి. పొద్దున్నే లేచి ఒప్పుకున్న జాకెట్లు కుట్టింది. తండ్రికి స్నానం చేయించింది. ఆళ్లగడ్డలో బస్సెక్కించింది. స్టాపు స్టాపుకూ ఆయన "ఇది యా ఊరు పాపా?" అంటే విసుక్కోకుండా చెప్పింది. నంద్యాలలో దిగేసరికే ఒళ్లు హూనమైంది. మనిషన్నాక ఎంతకని ఓపిక పడుతుంది?

ఉగాదికి పెట్టిన హాస్య నాటికల పండుగ అది. నడుస్తున్నది మూడో నాటిక, పెళ్లిచూపుల కథ. ఖలందర్ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. నింపాదిగా నడిచొచ్చి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నాడు. పెళ్లివారికోసం పెట్టిన బజ్జీ తీసుకుని కొరికాడు.

"అయ్యో నా తల్లీ, నగి నగి కడుపు నొస్తాంది!" అంది ఇవతల కూర్చున్న సుగుణమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. హాల్లో పరిచయమైన మనిషే.

వెనక వరసలో ఒక ముసలాయన ఆనవాలు పట్టాడు. "మన ఆళ్లగడ్డ ఖలందర్ కదప్పా! ఇన్నేళ్లకు మళ్లీ వేషమేసినాడే!"

ఎవరైనా ఆయన్ను ఆనవాలు పడతారేమోననే జబీనా భయం. 

ఒకప్పుడు సీమలో ఖలందర్ ఎక్కని స్టేజీ లేదు. ఆయన నవ్వించాడు, జనం నవ్వారు. అంతేగానీ ఆయన్ను చూసి ఎగతాళిగా నవ్విన మొనగాడు లేడు. ఇప్పుడు మతి నిలవడం లేదు. నిన్నటి మాట నేడు ఉండదు, ఈ పూట మాట మరుపూటకు ఉండదు. ఊళ్లో అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పి కూతురు నెట్టుకొస్తోంది. ఆయన సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. అది నలుగురిలో నగుబాటు కాకుండా ఉంటే చాలు, అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

ఆటో మైకులో ఈ పండుగ మాట విన్నప్పటినుంచి ఆయన ఇంట్లో నిలవలేదు. "టైమైతాంది, పా పాపా. నా వేషముంది" అని ఒకటే పోరు. వద్దని చెప్పి చెప్పి ఆమెకు నోరు పడిపోయింది. సరే పదమంది. ఎందుకన్నానా అని ఇప్పుడు తన నోటినే తిట్టుకుంటోంది.

పెళ్లికూతురి తండ్రి వేషం ప్రేమ్ సాగర్‌ది. ఆ బృందానికి పెద్ద కూడా అతనే. ఖలందర్‌ని చూసి ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయాడు. ఆ మొహం చూసి జనం మళ్లీ పడీ పడీ నవ్వారు.

"నాయనా, బజ్జీలు నీకు కాదు, పెండ్లోళ్లకు" అన్నాడు ప్రేమ్ సాగర్ తేరుకుని.

"నువ్వెవరప్పా?"

చప్పట్లు.

"నీ కొడుకును నాయనా!"

"నాకు కొడుకులు యాడుండారు? ఒక్కతే కూతురు." ఖలందర్ చీకట్లోకి చూశాడు. గొంతు మారింది. "ఈడనే ఉన్నింది. జబీనా! ఇంటికి పోదాం పామ్మా."

నాటికలో ఆ పేరుగల మనిషి లేదు. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని దించేస్తే? ఆయన మతి సంగతి రేపటికి ఆళ్లగడ్డ బస్టాండుదాకా పాకుతుంది. కూర్చుంటే? ఇంకేం మాట్లాడతాడో. జబీనా సగం లేచింది. ఏదీ తేల్చుకోలేక మళ్లీ కూర్చుంది.

పెళ్లికూతురు వేషం వేసిన రమ్య గబుక్కున ముందుకొచ్చింది.

"నేనే తాతా నీ జబీనాని. ముద్దుగా నువ్వు పెట్టుకున్న పేరు నువ్వే మరిచిపోతాండావే!" అంటూ ఆయన ముందు కూర్చుని గుండీలు సరిచేసింది. పెళ్లికొడుకు వేషమేసిన కుర్రాడు బజ్జీల పళ్లెం ఆయన ఒళ్లో పెట్టి కాళ్లకు దండం పెట్టాడు. "పిల్ల సంగతి తర్వాత, నాకు తాత నచ్చినాడు" అన్నాడు.

హాలు అదిరిపోయింది. ఈలలు. వెనక ముసలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "వయసైనా చేవ తగ్గలేదప్పా!" అన్నాడు. సుగుణమ్మ జబీనా భుజం మీద చరిచి, "నువ్వేంది తల్లీ, అందరూ నగుతాంటే ఏడుస్తాండావ్?" అంది.

"నవ్వెక్కువై" అంది జబీనా.

తెర పడింది. ఆమె స్టేజీ పక్కకు పరుగెత్తింది. ఖలందర్ అట్టపెట్టె మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఎన్నాళ్లకో మొహం విప్పారి ఉంది.

"జనం బాగా నగినారా పాపా?"

"బాగా నగినారు నాయనా."

పరువు దక్కింది. ఆమె అక్కడే నేల మీద చతికిలబడి ఊపిరి పీల్చుకుంది. మైకులో న్యాయనిర్ణేతలు ఉత్తమ హాస్యనటుడి బహుమతి ప్రకటిస్తున్నారు. పెళ్లిచూపుల నాటికలో తాతకేనట.

ప్రేమ్ సాగర్ మేకప్పుతోనే వచ్చి, పెద్దాయనకు వినపడకుండా ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, మైకులో పిలవల్ల, తొందరగా పెద్దాయన పేరు చెప్పు, మా నాటికలో అసలు తాత వేషమే లేదు."