నాలుగు అంగుళాలు

నమ్రతకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్తే భర్త జితేందర్ ఇక తిరిగి రాడేమోనని.

అయినా వద్దని చెప్పలేకపోయింది.

ఉద్యోగం పోయి నెల. అతను మంచం దిగడమే మానేశాడు. మూడేళ్ళ కూతురు అవని మీదెక్కి ఆడినా పక్కకు తిరిగి పడుకునేవాడు. అలాంటివాడు ఒకరోజు లేచి వెళ్ళి, ఎవరో అమ్ముతుంటే పాత ఆగర్ ఒకటి కొనుక్కొచ్చాడు. ఐస్‌కు కన్నం వేసే మిషన్. ఆ కన్నంలోంచి గాలం వేస్తే చేపలు పడతాయి. మిన్నెసోటాలో చలికాలం అందరికీ అదే సరదా.

తాడు లాగితే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వీధి చివర గరాజ్‌లో శేషగిరి ఉంటాడు. ఒకప్పుడు తణుకు దగ్గర పొలం ఇంజిన్లు బాగుచేసినవాడు. అన్న స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చాడు. ఇప్పుడా అన్న లేడు. తెలుగువాళ్ళ పార్టీలకు ఆయన్ని ఎవరూ పిలవరు. వాకిట్లో మంచు తోసే స్నో బ్లోయర్ మొరాయిస్తే మాత్రం అందరూ ఆయనకే ఫోన్ చేస్తారు.

శేషగిరి ట్యాంక్ మూత తీసి వాసన చూశాడు.

"పోయినేటి పెట్రోలండి. కార్బొరేటర్ జిగురు పట్టేసింది. శనివారం రండి."

శనివారం వెళ్తే, "స్పార్క్ ప్లగ్ రాలేదండి" అన్నాడు.

పై శనివారం బ్లేడ్లు సానపట్టాలన్నాడు. "సరస్సు కూడా ఇంకా గట్టిపడలేదు కదా బాబూ. తొందరేముంది?"

"సరస్సు సంగతి నేను చూసుకుంట అంకుల్. మీరు మిషన్ సంగతి చూడుండ్రి."

శేషగిరి బ్లేడ్లు చేతిలోకి తీసుకున్నాడు. గురువారం మిషన్ ఇచ్చేశాడు.

శుక్రవారం జితేందర్ ఒడ్డు పక్కనే పెట్టి చూశాడు. మండిపడుతూ ఇంటికొచ్చాడు.

"ఇంజిన్ మస్తు తిరుగుతుంది నమ్రతా. ఐస్ మాత్రం తెగుతలేదు. నున్నగ పాలిష్ పెడుతుంది!"

ఫోన్‌లో వీడియోలు చూస్తే విషయం తెలిసింది.

"మూడు వారాలు పెట్టుకొని బ్లేడ్లు తలకిందులు బిగించిండు! దీన్ని రిపేర్ అంటరా?"

అక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఫోటో పెట్టాడు. ఫణి వెంటనే రాశాడు: "పోయినేడు నాదీ అంతే! మళ్ళీ తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో తిప్పి ఇచ్చాడు."

"అంకుల్‌కి అద్దాలు కొనిద్దాం" అన్నారు ఇంకెవరో.

నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

జితేందరే రెంచ్ పట్టుకుని బ్లేడ్లు తిప్పి బిగించాడు.

శనివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. శేషగిరి.

"అమ్మా, ఆ మిషన్ ఇంకో వారం నాకివ్వండి."

హాల్లోంచి జితేందర్ గట్టిగా నవ్వాడు. "మళ్ళా తలకిందులు బిగిస్తడట! ఇయ్యకు."

ఉద్యోగం పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు ఆగిపోకూడదనిపించింది నమ్రతకు.

"వద్దులెండి అంకుల్. మీ చేతిలో పెడితే ఉన్నది కూడా పాడవుతుంది."

ఆయన తల మీది ఉన్ని టోపీ సర్దుకున్నాడు.

"రేపు వెళ్తున్నారా అమ్మా?"

"పొద్దున్నే."

"ఎటువైపు నుంచి?"

"పడవలు దించే రేవు నుంచి."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. చలి లోపలికి వస్తోందని నమ్రత తలుపు వేసేసింది.

ఆదివారం వెళ్ళిన గంటకే జితేందర్ తిరిగొచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమైంది?"

"రేవు కాడ అంకుల్ కార్ ఉంది. ఎర్రగుడ్డలు కట్టిన పుల్లలు ఐస్ మీద నిలబెట్టుకుంట పోయిండు. నాకు దారి చూపెట్టినట్టు. నేను వాటెంబడే నడిచిన. ఆఖరి పుల్ల తర్వాత..."

అతను బూట్లు విప్పకుండానే నేల మీద కూర్చున్నాడు.

"ఆఖరి పుల్ల తర్వాత నీళ్ళున్నయి నమ్రతా. టోపీ తేలుతుంది."

మధ్యాహ్నానికి ఆయన్ని బయటికి తీశారు. మా మనిషని చెప్పుకోవడానికి ఎవరూ రాలేదు. మర్నాడు పోలీసులు గరాజ్ తెరిచి, ఎవరి మిషన్లు వాళ్ళు తీసుకెళ్ళమన్నారు.

ఐదు ఆగర్లున్నాయి. తాడు లాగితే ఐదూ ఒక్క లాగుకే స్టార్ట్ అయ్యాయి.

ఐదింటికీ బ్లేడ్లు తలకిందులే.

"అన్నీనా?" అన్నాడు ఫణి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గోడకు మేకులు. ఒక్కో మేకుకు ఒక అట్టముక్క. జితేందర్ పేరున్నది నమ్రత చేతిలోకి తీసుకుంది. ఇంటర్ మధ్యలో ఆపేసిన తన చదువుకు కూడా తేలిగ్గా అందే గుండ్రటి తెలుగు అక్షరాలు.

"జితేందర్ గారు. చిన్న పాప ఉంది. డిసెంబర్ ఒకటి, తెల్లవారుజామున, ఐస్ మందం అంగుళం. ఎనిమిది, అంగుళమున్నర. పదిహేను, రెండు. ఈయన చెబితే వినేలా లేరు. ఐస్ మనిషిని మోయాలంటే నాలుగు అంగుళాలు కావాలి. అవి వచ్చాకే బ్లేడ్లు తిప్పి ఇవ్వాలి."

ఏ భయాన్ని తాను నోరు తెరిచి చెప్పలేకపోయిందో, ఆ భయాన్ని మూడు వారాలుగా తన బదులు మోస్తూ ఐస్ మీద ఒక్కడే నడిచిన మనిషి మొహం మీదే తాను తలుపు వేసిందని నమ్రతకు అప్పుడు తెలిసింది.

మీ వీధి చివర కూడా ఒంటరిగా ఉండే మనిషి ఎవరైనా ఉంటే, దయచేసి ఇవాళే వెళ్ళి తలుపు తట్టి చూడండి.