మొదటి రోజు పాఠం

"ఒక్క సాక్షి. ఒక్కడంటే ఒక్కణ్ణి చూపించండి. ఇప్పుడే మావాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేయించి, తాళంచెవి మీ బల్లమీద పెట్టిస్తాను" అన్నాడు లాయరు.

చైర్మన్ ముందున్న ఫైలు మళ్లీ తిరగేశాడు. చూపించడానికి ఆయన దగ్గర ఎవరున్నారు గనక!

దేశంలోని వృత్తివిద్యా శిక్షణాలయాలన్నింటి మీదా కన్నేసి ఉంచడానికి కొత్తగా పెట్టిన నియంత్రణ సంస్థకి ఆయన తొలి చైర్మన్. ఇది తొలి విచారణ. హాల్లో రంగు వాసన ఇంకా పోలేదు, కుర్చీల ప్లాస్టిక్ కవర్లు ఊడలేదు, సంస్థ పరువు మాత్రం ఈ పూటే పోయేలా ఉంది. లిఫ్టు మెకానిక్కులని తయారుచేసే ఈ ఇన్‌స్టిట్యూట్ ఇవాళ తప్పించుకుందంటే, రేపటినుంచి ఈ ఆఫీసుని పూచికపుల్లకింద కూడా ఎవరూ లెక్కచెయ్యరు. ఆరంభశూరత్వమని ఇంట్లో భార్య అప్పుడే దెప్పుతోంది.

ఇన్‌స్టిట్యూట్ యజమాని ముందు వరసలో దిలాసాగా కూర్చున్నాడు. పొద్దున లోపలికొస్తూనే, తనమీద ఫిర్యాదు చేసిన ఆవిడకే కుర్చీ లాగి వేసి, "కులాసానా అమ్మా, మోకాళ్ల నొప్పులు తగ్గాయా?" అని పలకరించాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. గుండెలు తీసిన బంటు వీడు అనుకున్నాడు చైర్మన్.

ఆవిడని అందరూ లిఫ్టమ్మ అంటారు. ఆస్పత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది. ఒక్కగానొక్క కొడుకు ఈ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ చూపించే మెకానిక్ ఉద్యోగంలో చేరాడు. నెల తిరక్కుండా, కరెంటు ఆపకుండానే లిఫ్టు గుంతలోకి దిగి, పైనుంచి వచ్చిన లిఫ్టు కింద నలిగిపోయాడు. దిగేముందు మెయిన్ ఆపాలన్నది ఎక్కడైనా మొదటి రోజు పాఠం. అప్పట్నుంచీ ఆవిడ ఎక్కని మెట్టు లేదు, పట్టుకోని గడ్డం లేదు. ఎదురుగా ఉన్నది మంత్రయినా బంట్రోతయినా చెప్పేది ఒకటే ముక్క. "మావాడికి పని రాదు సార్. రాదని తెలిసీ కాగితం చేతికిచ్చారు." ఈ సంస్థ పుట్టిందంటే సగం ఆవిడ పోరు పడలేకే.

అంత మేలు చేసిన మనిషే ఒక కొరివి కూడా తెచ్చిపెట్టింది. చట్టం రాస్తున్నప్పుడు, నేర్పకుండా సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకి ఎంత జైలో, ఇప్పించుకున్నవాళ్లకీ అంతే ఉండాలనీ, పాత సర్టిఫికెట్లని కూడా వదలకూడదనీ పట్టుబట్టింది.

"వద్దమ్మా" అని చైర్మన్ నచ్చజెప్పబోయాడు. "ఇప్పించుకున్నవాడు నోరు విప్పితేనే మనకి సాక్ష్యం. వాణ్ణీ లోపలేస్తామంటే ఎవడొస్తాడు?"

"అడిగేవాళ్లుంటేనే కదా సార్ అమ్మేవాళ్లుండేది. ఇద్దర్నీ వదలకండి."

"మీ కడుపుకోత నాకు అర్థమవుతోంది. కానీ ఇది మన కాళ్లు మనం నరుక్కోవడమే."

"నరుక్కుందాం" అందావిడ.

కొడుకుని పోగొట్టుకున్న తల్లితో ఎవరు వాదిస్తారు? కమిటీ తల ఊపింది. ఆ ఊపిన తలకాయలకి ఇప్పుడు ఫలితం దక్కింది. ఈ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ ఉన్న ప్రతి ఇంటికీ సంస్థ మనుషులు తిరిగారు. తలుపు తీసిన ప్రతివాడూ "శుభ్రంగా నేర్పారండీ" అన్నవాడే.

"సరే, ఈవిడ కొడుకు సంగతేమిటి?" అన్నాడు చైర్మన్, ఆఖరి ఆశతో. "నేర్పి ఉంటే మెయిన్ ఆపకుండా ఎలా దిగాడు?"

యజమాని లేచి చేతులు కట్టుకున్నాడు. "నేర్పామండీ. బంగారంలాంటి కుర్రాడు, ఒక్క క్లాసు మానేవాడు కాదు. ఆరోజు ఏ ధ్యాసలో ఉన్నాడో, పాపం!"

ఆ 'పాపం' వినగానే చైర్మన్‌కి ఒళ్లు మండిపోయింది. మండి మాత్రం ఏం లాభం? చచ్చిపోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

"మాకూ బాధగానే ఉంది సార్" అన్నాడు లాయరు, గడియారం చూసుకుంటూ. "కానీ బాధ సాక్ష్యం కాదు. కేసు కొట్టెయ్యండి."

వేరే దారి లేదు. చైర్మన్ కలం మూత తీశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత సిగ్గుపడుతూ సంతకం పెట్టబోవడం ఆయనకి ఇదే మొదలు.

"నేను చెప్తాను సార్" అంటూ లిఫ్టమ్మ లేచింది.

మళ్లీ ఏడుస్తుంది, వీళ్లు నవ్వుకుంటారు. ఆ అవమానం కూడా ఆవిడకి మిగల్చడం చైర్మన్‌కి ఇష్టం లేకపోయింది. "కూర్చోండమ్మా. కన్నతల్లి మాట నేను రాసుకున్నా నిలబడదు."

"అవునమ్మా, కూర్చోండి" అన్నాడు యజమాని. అతని గొంతులో పొద్దుటి ధీమా లేదు. "ఈ వయసులో మీకెందుకమ్మా ఇదంతా? ఇంటికెళ్లిపోండి, నా మాట వినండి."

లాయరుకి మాత్రం హుషారొచ్చింది. "చెప్పనివ్వండి సార్, ఆవిడ ముచ్చట మనమెందుకు కాదనాలి! ఏమ్మా, ఆ క్లాసులో ఏం నేర్పారో, ఏం నేర్పలేదో మీకెలా తెలుసు? మీ అబ్బాయి పక్కన మీరేమన్నా కూర్చున్నారా?"

"లేదు బాబూ. మావాడూ కూర్చోలేదు."

లాయరు నవ్వు అక్కడే ఆగిపోయింది. యజమాని కుర్చీలో కూలబడ్డాడు.

"అదేమిటమ్మా!" అన్నాడు చైర్మన్. "క్లాసుకే వెళ్లకపోతే, మరి సర్టిఫికెట్?"

"నేనే కొనిచ్చాను సార్."