పుట్ట వాకిళ్ళకు నూకాలు పెట్టిన లెక్క

ఒక చీమల పుట్టకు రెండు వాకిళ్ళు ఉండేవి. రెండూ ఒకే సావిట్లోకి తెరుచుకునేవి. బెల్లం దొరికినప్పుడల్లా తూర్పు వాకిలి చీమలు ఎగబడి సావడంతా నింపేసేవి. పడమటి వాకిలి దగ్గర గుడ్లు మోసే దాది చీమలు బయటే నిలబడిపోయేవి.

పెద్దలు కాపలా పెత్తనం నూకాలు అనే చీమకు అప్పగించారు. "ఏ వాకిలైనా సరే, విడతకు పది మందే," అని నూకాలు చాటింపు వేయించి, రెండు చోట్లా కావలి పెట్టింది.

"గుడ్లు తెచ్చేవాళ్ళని కాస్త ఎక్కువమందిని వదలమ్మా, వానొస్తే నానిపోతాయి," అంది ముసలి దాది సింహాద్రమ్మ.

"లెక్కంటే లెక్కే పిన్నీ. నాక్కూడా అంతే," అంది నూకాలు, తన న్యాయానికి తనే మురిసిపోతూ.

మర్నాడు నూకాలు బయట తిరుగుతుండగా వాన అందుకుంది. పడమటి వాకిలికి పరుగెత్తుకొస్తే కావలి చీమ అడ్డం నిలిచింది.

"ఆగండక్కా, పది మంది అయిపోయారు."

"ఒరే, నేనురా!"

"మీక్కూడా అంతే అన్నారు కదక్కా."

పక్కనే దాదులు గుడ్లను పొట్టకింద దాచుకుని తడుస్తున్నారు. నూకాలుకు సిగ్గేసింది.

"తూర్పున ఐదుగురు చాలు. ఇక్కడ వాన వెలిసేదాకా లెక్కే వద్దు, తప్పుకో!" అని అరిచింది.

గుడ్లన్నీ లోపలికి చేరాక, నూకాలు తడిసి ముద్దయి చివర్న వచ్చింది. సింహాద్రమ్మ ఒక గుడ్డు తెచ్చి దాని చేతిలో పెట్టింది.

"దీన్ని ఆరబెట్టు తల్లీ. నువ్వూ ఆరుదువుగాని."