మొదట వచ్చిన పేజీ

గతవారం సెర్చ్ ఇంజన్ ఏ పేజీ ముందు చూపాలన్న తన లెక్క మార్చింది. ఇరవై ఏళ్లుగా మా క్వీన్స్‌లాండ్ తీరంలో జీపులు నడిపేవాళ్లకు ఆటుపోట్ల వేళలు చెప్పిన నారెల్ పేజీ ఎక్కడో అడుగుకు పోయింది. పైకొచ్చిన దొంగపేజీలో ఆమె ఫోటో ఉంది. రాత్రి తొమ్మిదికి నీళ్లు పైకొచ్చే పోటు అయితే, నీళ్లు వెనక్కెళ్లే ఆటు అని రాసుంది.

తొమ్మిదైంది. వంటింటి కిటికీలోంచి ఇసుక మీద జీపు దీపాలు చూసి, నారెల్ జీపులవాళ్లతో మాట్లాడే రేడియోలో అరిచింది.

"నేను నారెల్‌ని! వెనక్కి తిప్పరా వెధవా, మునిగి చస్తావ్!"

"ఊరుకోండి ఆంటీ," జీపులోని కుర్రాడు నవ్వాడు. "మొదట వచ్చిన పేజీ మీదేగా! నా జీపు ముందు టార్చి ఊపుతూ మీరే రమ్మంటున్నారు."

"నేను ఇంట్లో ఉన్నానురా! ఆ దొంగముండ ఎవతో నా మొహం పెట్టుకుంది. ఆపు!"

రేడియో గరగరలాడింది. తర్వాత, నారెల్ నోరు మెదపకుండానే, అందులోంచి ఆమె గొంతే చాలా మెత్తగా పలికింది.

"రా నాయనా. నీళ్లు తక్కువే."